మన్యపు తుపాకులు

1922 ఆగస్టు 22వ తేదీన చింతపల్లి పోలీసు ఠాణాపై బడిన అల్లూరి సీతారామరాజు అనుచరులు ధనమాశించి వచ్చినవారు కారు. తుపాకులకు, తూటాలకు వచ్చిరి. మరునాడు కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు దినములలో 26 తుపాకులు, రెండువేలకు పైగా తూటాలు వారికి చిక్కెను.

కోయలకు, కొండదొరలకు వేట ఒకరు నేర్పవలసినది కాదు. విల్లంబులు వారి ఇంటి వస్తువులు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము పోడు సేద్యమున కడ్డుపడి ఆ స్వతంత్రపు బ్రతుకునే నేరముగా నెంచినది. నర్సీపట్నము–చింతపల్లి బాట పనిలో గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ కూలి డబ్బులు కాజేయుట దానికి తోడయ్యెను.

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ముందు నడచిన భారతీయ సిపాయీలను పోనిచ్చి, వెనుక వచ్చిన ఇద్దరు ఆంగ్లేయ అధికారులనే గురిచూచి కాల్చిరి. ఇది సైనిక విద్య కాదు, వేటగాని ఓర్పు అని నా అభిప్రాయము.

అయితే బాణము విరిగినచో అడవి మరియొకటి నిచ్చును, తూటా నీయజాలదు. అక్టోబరులో ముందుగా కబురంపి అడ్డతీగల ఠాణాకు వచ్చిన రాజునకు అచట ఆయుధములు దొరకలేదు. వాటిని అంతకుమున్నే తప్పించియుండిరి. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెము పోరున పలువురు అనుచరులు కూలిరి. 1924 మే 7న పట్టువడిన రాజును విచారణ లేకయే కొయ్యూరున కాల్చి చంపిరి.