ప్వాతియేలో వీసీఆర్ల జాతర

విదేశాల్లో డేటా సెంటర్లు పెట్టే ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్లకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. ప్రాజెక్టు ప్లానులో "కస్టమ్స్ క్లియరెన్స్ - 5 రోజులు" అని ఒక గడి ఉంటుంది. ఆ అయిదు ఎవరు వేశారో ఎవరికీ తెలీదు. పాత ప్లానులోంచి కాపీ అయ్యుంటుంది. సర్వర్లు రేవులో దిగుతాయి, కాగితాలు సరిగ్గా ఉంటే బయటికొస్తాయి, అంతే కదా అనుకుంటాం. ఆ "అంతే కదా" విన్నప్పుడల్లా నాకు ఫ్రాన్సులోని ప్వాతియే అనే ఊరు గుర్తొస్తుంది.

పారిస్‌కి నైరుతి దిక్కున 300 కిలోమీటర్లు దాటాక వస్తుంది ఈ పాత ఊరు. సముద్రం లేదు, రేవు లేదు. కానీ చరిత్ర ఉంది. క్రీ.శ. 732లో దక్షిణం నుంచి వచ్చిన అరబ్బు సేనని షార్ల్ మార్తెల్ అనే ఫ్రాంకుల నాయకుడు నిలవరించింది ఈ చుట్టుపక్కలే. మనకి పల్నాటి యుద్ధం ఎలాగో, అక్కడి బడిపిల్లలకి ఇది అలాగ.

1982కి వద్దాం. మితెరాఁ అధ్యక్షుడై ఏడాదిన్నర కావస్తోంది. అప్పటికే ఫ్రాంకు విలువని రెండుసార్లు తగ్గించారు. దిగుమతులు పెరిగి విదేశీ వ్యాపారంలో లోటు తడిసి మోపెడవుతోంది. జనం చూస్తే జపాన్ వీసీఆర్లు ఎగబడి కొంటున్నారు. ఫ్రాన్సు సొంతంగా వీసీఆర్ తయారు చెయ్యట్లేదు. తమ థామ్సన్ కంపెనీ కూడా జపాన్‌లో తయారైన వాటికి తన పేరు తగిలించి అమ్ముతోంది. పోనీ వద్దందామంటే కుదరదు. ఇన్ని యంత్రాలకి మించి రానివ్వం అని పరిమితి పెట్టడాన్ని గాట్ ఒప్పందంలోని 11వ అధికరణం ఒప్పుకోదు. సుంకం పెంచుదామంటే అది ఫ్రాన్సు చేతిలో లేదు, ఐరోపా కూటమి అంతటికీ ఒకటే సుంకం.

అప్పుడు పెట్టారండీ అసలు మెలిక. 1982 అక్టోబరులో ఒక ఉత్తర్వు వచ్చింది. దేశంలోకి వచ్చే ప్రతి వీసీఆరూ ప్వాతియే కస్టమ్స్ కార్యాలయంలోనే క్లియర్ అవ్వాలి. నిషేధం లేదు, కోటా లేదు, పైసా సుంకం పెరగలేదు. చిరునామా మారిందంతే!

ఉత్తరాన లే హావ్ర్ లాంటి పెద్ద రేవులో దిగిన కంటైనర్‌ని లారీ ఎక్కించి ఈ లోపలి ఊరికి తోలాలి. అక్కడున్నది వేళ్ల మీద లెక్కపెట్టగలిగేంత సిబ్బంది. వాళ్లు చట్టం ప్రకారం చెయ్యాల్సినవన్నీ తు.చ. తప్పకుండా చేశారు. కంటైనర్లు తెరిచారు. సీరియల్ నంబర్లు కాగితాలతో సరిచూశారు. వాడుక పుస్తకం ఫ్రెంచిలో ఉందో లేదో చూశారు. కొన్ని యంత్రాలనైతే విప్పదీసి, చెప్పిన దేశంలోనే తయారయ్యాయా అని పరీక్షించారు.

మన భాషలో చెప్పాలంటే, లోడ్ బాలెన్సర్ సెట్టింగ్ మార్చి దేశం మొత్తం ట్రాఫిక్‌ని ఒక్క సింగిల్ థ్రెడ్ సర్వర్ మీదకి తోశారు. అంతకుముందు నెలకి 64 వేలకి పైగా వీసీఆర్లు లోపలికి వచ్చేవి. రోజుకి 8 గంటలు, నెలకి 22 పనిరోజులు వేసుకోండి. నిమిషానికి ఆరు! చేతివేళ్లంత మంది విప్పి, చూసి, మళ్లీ మూసి పంపాలి. సంఖ్య నెలకి 10 వేల లోపుకి పడిపోయింది. సర్వర్ ఎక్కడా ఎర్రర్ ఇవ్వలేదు చూశారా, క్యూ పెరిగిందంతే. పైగా క్రిస్మస్ అమ్మకాల ముందు.

నన్ను ఆలోచింపజేసేది ఇక్కడ నలిగిపోయిన దిగుమతిదారు పరిస్థితి. అతని ఇన్వాయిస్ సరైనదే, కోడ్ సరైనదే, సుంకం కట్టడానికి సిద్ధం. ఏ తప్పూ లేదు కాబట్టి అప్పీలు చేసుకోవడానికీ ఏమీ లేదు. గోదాము అద్దె మాత్రం పెరుగుతూ ఉంటుంది. నియమాలు పాటించడం అంటే మన వైపు కాగితాలు సరిగ్గా ఉంచుకోవడం అనుకుంటాం గానీ, అవతలివైపు వాటిని చదివే మనుషులు ఎందరున్నారన్నది కూడా అందులో భాగమే.

ఫ్రాన్సువాళ్లని మాత్రమే తిట్టి లాభం లేదు లెండి. పరీక్షలు, ప్రమాణాలు అంటూ జపాన్ తమ సరుకుని గుమ్మంలోనే నిలబెడుతోందని ఐరోపావాళ్ల గోల అప్పటికే ఉంది. అయితే ఈ నియమం జపాన్ సరుకుకే కాక, పక్కనున్న ఐరోపా దేశాల సరుకుకీ వర్తించింది. అందుకని గొడవ ఇంట్లోనూ మొదలైంది, గాట్ దగ్గర జపాన్ ఫిర్యాదూ పడింది. తీర్పు దాకా పోలేదు. 1983 ఫిబ్రవరిలో ఐరోపాకి పంపే వీసీఆర్లని తానే "స్వచ్ఛందంగా" ఆ ఏడాదికి 45.5 లక్షలకి పరిమితం చేసుకుంటానని జపాన్ ఒప్పుకుంది. తర్వాత కొన్నాళ్లకే ప్వాతియే ఉత్తర్వు ఎత్తేశారు. అంటే మెలిక పారిందనే చెప్పాలి.

ఎవరిని కాపాడటానికి అంటారా? జపాన్ వీహెచ్ఎస్‌కి పోటీగా ఫిలిప్స్, గ్రుండిగ్ కలిసి తెచ్చిన వీడియో 2000 అనే ఐరోపా ఫార్మాట్ ఒకటి ఉండేది. 1984లో ఫిలిప్సే వీహెచ్ఎస్ యంత్రాలు తయారు చెయ్యడం మొదలుపెట్టింది :)

ఈ మెలిక మాత్రం చావలేదు. పనామా నుంచి వచ్చే బట్టలు, చెప్పులు బొగొటా, బరన్కీయాల్లో తప్ప దించకూడదని కొలంబియా అంటే, అది 11వ అధికరణానికి విరుద్ధమని 2009లో డబ్ల్యూటీవో ప్యానెల్ తేల్చింది. పాతికేళ్లు ఆలస్యంగా ప్వాతియేకి తీర్పు వచ్చినట్టే లెక్క. ఇండొనేసియా 2008 చివర్లో ఎలక్ట్రానిక్స్‌తో సహా అయిదు రకాల సరుకుల్ని అయిదు రేవులకి పరిమితం చేసింది. ఆ జాబితాలో సులవేసిలోని మకస్సర్ కూడా ఉంది!

మనమూ తక్కువ తినలేదు. ఒక్క కంప్యూటర్ దిగుమతి లైసెన్సు కోసం ఢిల్లీ చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి చాలా సభల్లో చెప్పారు. అది ఎనభైల నాటి మాట. మరి 2023 ఆగస్టు 3న? 8471 కోడ్ కింద వచ్చే ల్యాప్‌టాప్‌లు, సర్వర్లకి లైసెన్సు కావాలని రాత్రికి రాత్రి నోటిఫికేషన్ ఇచ్చి, మర్నాడే దాన్ని అక్టోబరు చివరిదాకా వాయిదా వేశారు. తర్వాత లైసెన్సు బదులు ఆన్‌లైన్ అనుమతి పద్ధతి వచ్చింది.

అందుకే కొత్త దేశానికి సామాను పంపాల్సి వచ్చినప్పుడు నేను క్లియరింగ్ ఏజెంటుని మొదట అడిగేది డ్యూటీ ఎంత అని కాదు. ఈ కోడ్ సరుకు ఏయే రేవుల్లో దించనిస్తారు, అక్కడ పెట్టెలు తెరిచేవాళ్లు ఎంతమంది అని. చాలామంది ఏజెంట్లు మొదటిదానికి వెంటనే చెప్తారు, రెండోదానికి నవ్వుతారు. ప్లానులో ఆ గడి నింపేది మాత్రం ఆ నవ్వు ఎంతసేపు సాగిందో చూసే.