బ్రేక్ ప్యాడ్లతో తెరుచుకున్న బడి

2022 డిసెంబరు 23, శుక్రవారం. అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డునున్న బఫలో నగరం. ఉదయం 9:30కే రోడ్ల మీదికి బళ్లు తేవద్దని అధికారులు నిషేధం విధించారు. ఆ పొద్దున సున్నాకు పైనున్న ఉష్ణోగ్రత సాయంత్రానికి మైనస్ 10 డిగ్రీల కిందికి దిగిపోయింది.

సరస్సు ఇంకా గడ్డకట్టలేదు. నైరుతి నుంచి వచ్చిన గాలి దాదాపు 390 కిలోమీటర్ల పొడవున్న ఆ నీటి మీదుగా సాగి, దారి పొడవునా తేమ పీల్చుకుని, దాన్నంతా బఫలో మీద మంచుగా కుమ్మరించింది. గాలి వేగం గంటకు 110 కిలోమీటర్లు దాటింది. తుపాను 37 గంటలపాటు తెరిపివ్వలేదు. నాలుగడుగులకు పైగా మంచు పడింది. ఫైరింజన్లు, అంబులెన్సులు కూడా ఎక్కడివక్కడ కూరుకుపోయాయి.

ఆ సాయంత్రం 27 ఏళ్ల మెకానిక్ ఒకతను ట్రక్కు తీశాడు. స్నేహితుడు మంచులో చిక్కుకున్నాడని తెలిసి బయలుదేరాడు. అక్కడికి చేరకముందే తన బండీ ఇరుక్కుపోయింది. చలిలో చిక్కిన ఒక కుర్రాడికీ, ఒక పెద్దావిడకూ చోటిచ్చాడు. చుట్టుపక్కల ఇళ్ల తలుపులు తట్టాడు. నేల మీద పడుకుంటాం, 500 డాలర్లు ఇస్తామని బతిమాలాడు. ఎవరూ లోపలికి రానివ్వలేదు.

ముగ్గురికీ ఆ రాత్రి బండే దిక్కయింది.

ఆగిన కారులో ఏం జరుగుతుంది?

వెచ్చదనం కావాలంటే ఇంజిన్ నడవాలి. ఇంజిన్ నడిస్తే పెట్రోలు తరుగుతుంది. వెనక సైలెన్సర్ గొట్టాన్ని మంచు మూసేస్తే పొగ బయటికి పోలేక కారులోకి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. మత్తుగా నిద్ర వస్తున్నట్టే ఉంటుంది, ఆ నిద్రలోనే ప్రాణం పోవచ్చు. ఆ తుపానులో 40 మందికి పైగా చనిపోయారు. కార్లలోనే కన్నుమూసినవారూ వారిలో ఉన్నారు.

తెల్లారేసరికి ఇంధనం అడుగంటింది. మెకానిక్ ఫోన్లో మ్యాపు తెరిచి చూస్తే దగ్గర్లో ఒక బడి కనిపించింది. తన దగ్గరున్న బ్రేక్ ప్యాడ్లతో కిటికీ అద్దం పగలగొట్టి లోపలికి దూరి, తలుపు తీశాడు. తనవాళ్లను చేర్చి ఊరుకోలేదు. మళ్లీ మంచులోకి వెళ్లి, ఆగిపోయిన కార్లలోని వాళ్లను పిలుచుకొచ్చాడు. మొత్తం 24 మంది ఆ బడిలో తలదాచుకున్నారు, క్యాంటీన్లో దొరికింది తిన్నారు. క్రిస్మస్ నాడు, వెళ్లేముందు, అద్దం పగలగొట్టినందుకు క్షమించమని చీటీ రాసిపెట్టాడు. పోలీసులు అతని కోసం వెతికారు, కృతజ్ఞతలు చెప్పడానికి.

పాత కారుకు అసలు పరీక్ష

అందరికీ అలాంటి మనిషి దొరకడు. ఉద్యోగాలకూ చదువులకూ చలి దేశాలకు వెళ్లిన మన పిల్లల్లో చాలామంది మొదట కొనేది పాత కారే. పాత కారును నడవడానికి సిద్ధం చేస్తే చాలదు. ఆగిపోయినా లోపలున్నవాళ్లను కాపాడేలా సిద్ధం చేయాలి.

మొదట చూడాల్సింది సైలెన్సర్. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు బండి అడుగుభాగాన్ని తినేస్తుంది. తుప్పుతో పడిన చిన్న బెజ్జం చాలు, పొగ నేరుగా లోపలికి వస్తుంది. బండిని లిఫ్టు మీద ఎక్కించి, గొట్టం మొత్తం చూపించాలి. ఈ పని వాయిదా వేయకూడదు.

తర్వాత బ్యాటరీ. మైనస్ 18 డిగ్రీల దగ్గర దాని శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. అదే సమయంలో చిక్కబడిన ఆయిల్‌లో ఇంజిన్ తిరగడానికి మామూలుకన్నా ఎక్కువ శక్తి కావాలి. నాలుగేళ్లు దాటిన బ్యాటరీకి చలికాలం రాకముందే లోడ్ టెస్ట్ చేయించాలి. ఆయిల్ కూడా మాన్యువల్ చెప్పినంతలో పల్చనిదే పోయించాలి.

మన ఊళ్లలో రేడియేటర్లో మామూలు నీళ్లు పోయడం అలవాటు. చలి దేశాల్లో అది ఇంజిన్‌ను చంపేస్తుంది. నీరు గడ్డకడితే ఉబ్బుతుంది, ఇనప బ్లాకునైనా చీల్చేస్తుంది. కూలెంటూ నీళ్లూ సగం సగం కలిపితే దాదాపు మైనస్ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు.

7 డిగ్రీల కిందికి వెళ్తే మామూలు టైర్ల రబ్బరు బిగుసుకుని రోడ్డును పట్టుకోదు. చలికాలపు టైర్లు నాలుగు చక్రాలకూ వేయించాలి. రెండింటికే వేస్తే బండి గిరగిరా తిరిగిపోయే ప్రమాదం ఉంది.

ట్యాంకు సగానికి తగ్గనివ్వొద్దు. పార, దుప్పట్లు, టార్చి, ఫోన్ ఛార్జరు, జంపర్ కేబుళ్లు, నీళ్లు, తినడానికేమైనా డిక్కీలో పెట్టుకోవాలి. ఇరుక్కుపోతే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయాలి. ఆ తర్వాతే గంటకు పది నిమిషాల చొప్పున ఇంజిన్ నడపాలి, గాలి కొట్టని వైపు అద్దం కొంచెం దించి ఉంచాలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున అసలు బండే తీయొద్దు.

ఫోన్ చేసినప్పుడల్లా "అన్నం తిన్నావా?" అని అడిగే అమ్మానాన్నలు ఈ చలికాలంలో మరో రెండు ప్రశ్నలు కూడా అడగాలి. ట్యాంకు నిండుగా ఉందా? సైలెన్సర్ చూపించావా?