ఎక్కడ కొట్టించావు?

ఇంజన్ లైటు వెలిగిందని బండి షెడ్డులోకి రాగానే నేను అడిగే మొదటి మాట అదే. డాష్‌బోర్డులో ఆ లైటనేదే లేని రోజుల్లో, గుంటూరులో నాకు పని నేర్పిన మేస్త్రీ కూడా ఇదే అడిగేవాడు. అప్పట్లో కారంటే అంబాసిడర్, లేకపోతే ఫియట్. 1983 డిసెంబరులో మారుతి 800 ఢిల్లీలో రోడ్డెక్కినా, మా షెడ్డు గడప తొక్కడానికి చాలా కాలమే పట్టింది.

బండి మిస్సింగ్ కొడుతోందంటే మేస్త్రీ ముందు పానా పట్టేవాడు కాదు. పైపు ఊడదీసి నాలుగు చుక్కలు అరచేతిలో పోసుకునేవాడు. మంచి పెట్రోలైతే చేయి చల్లబడుతుంది, చుక్క ఆరిపోతుంది, చర్మం పొడిగా ఉంటుంది. కిరోసిన్ కలిస్తే వేళ్ల మధ్య జిడ్డు మిగులుతుంది. ఇప్పుడు బంకులో అడిగితే ఫిల్టర్ పేపరు మీద చుక్క వేసి చూపించే పరీక్ష కూడా అదే సూత్రం: మరక మిగలకూడదు. తరవాత ముక్కుకు పని. అదీ అన్ని కాలాల్లో కుదరదు. మిర్చి యార్డుకి సరుకు పోటెత్తే ఎండాకాలంలో ఘాటుకి తుమ్ములే తుమ్ములు, ఇక పెట్రోలు వాసన ఎవడికి తెలుస్తుంది! అప్పుడు ప్లగ్గు విప్పి రంగు చూడటమే దారి.

కల్తీని పట్టుకోవడానికే సర్కారు రేషన్ కిరోసిన్‌కి నీలం రంగు కలిపేది. నీళ్ల సంగతి వేరు, దానికి దొంగ అక్కర్లేదు. వానాకాలంలో బంకు భూగర్భ ట్యాంకులోకి ఊట దిగినా చాలు. అందుకే బంకువాళ్లు కొలకర్రకి ఒక పేస్టు రాసి ట్యాంకులో దించుతారు. నీళ్లు తగిలినంత మేర దాని రంగు మారుతుంది.

2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మాలన్నారు. సీసం తగిలితే సైలెన్సర్ దారిలో ఉండే కన్వర్టర్ పాడవుతుంది. ఆ రోజుల్లోనే కార్బొరేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది, దాంతోపాటే ఈ పసుపు లైటు. స్కానర్ కొనే స్తోమత మాలో ఎవరికీ లేదు. కొన్ని మారుతి బండ్లలో రెండు పిన్నుల మధ్య చిన్న వైరు ముక్క పెడితే లైటే మిణుకుమంటూ అంకె చెప్పేది. ఒకసారి మిణికి, ఆగి, రెండుసార్లు మిణికితే 12, అంటే అంతా బాగుంది. ఒకటి, ఆగి, నాలుగు అయితే 14, కూలెంట్ వేడి చెప్పే సెన్సార్ చూసుకోవాలి. కార్బొరేటర్ చెవితో నేర్చుకున్నవాళ్లం, ఇక్కడ కళ్లు చికిలించి లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది.

అమెరికాలో 1996 మోడళ్ల నుంచే అన్ని కార్లకూ ఒకే తరహా సాకెట్టు, ఒకే తరహా కోడ్లు. మనకు ఆ తరహా ఏర్పాటు (ఓబీడీ అంటారు) బీఎస్-4 కార్లతో 2010లో మొదలై, 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 వచ్చింది. మా మేనల్లుడు డాలస్ నుంచి ఫోన్ చేశాడు: "మావయ్యా, పెట్రోలు కొట్టించిన మర్నాడే లైటొచ్చింది, పీ0457 అంటోంది." మూత సరిగ్గా బిగించమన్నాను. అక్కడి కార్లు ట్యాంకులోంచి ఆవిరి కారుతోందేమో వాటంతటవే పరీక్షించుకుంటాయి. మూత బిగించినా లైటు వెంటనే ఆరదు, కొన్నిసార్లు నడిపాక ఆరుతుంది. మన దగ్గర చాలా కార్లలో ఆ పరీక్షే లేదు, కాబట్టి మూత బిగించుకుని కూర్చుంటే లాభం లేదు.

ఇక్కడ నాకు తగిలే అసలు ముద్దాయి పర్జ్ వాల్వు. ట్యాంకులో లేచిన ఆవిరిని బొగ్గు డబ్బా పట్టి ఉంచితే, ఇంజన్ నడిచేటప్పుడు దాన్ని కొద్దికొద్దిగా లోపలికి వదిలేది ఈ వాల్వు. ఇది తెరుచుకునే ఉండిపోతే, ట్యాంకు నింపగానే ఎగసిన ఆవిరంతా ఇంజన్లోకి పోతుంది. బంకులోనే బండి స్టార్టవక మొరాయిస్తుంది. వాల్వు పైపు ఊడదీసి, ఇంజన్ ఐడిలింగులో ఉండగా వేలు పెట్టి చూస్తాను. కరెంటు ప్లగ్గు తీసేసినా వేలిని లాగుతుంటే వాల్వు పోయినట్టే. గన్ను టక్కుమని ఆగాక కూడా "ఇంకొంచెం పట్టుద్ది, పొయ్యి" అనేవాళ్ల బండ్లలో బొగ్గు డబ్బాలోకే పెట్రోలు దిగుతుంది.

బంకువాణ్ని తిట్టేముందు బానెట్ ఎత్తి చూడాలి మరి. జిన్నింగు మిల్లుల చుట్టూ తిరిగే బండి ఎయిర్ ఫిల్టర్లో దూది దిండంత ఉంటుంది. ఎలుక వైరు కొరికినా లైటే. ఒంగోలు వైపు నుంచి వచ్చే బండ్లలో పొగాకు కట్టలు దోపి ఉంటాయి, ఎలుకలు రావని. వాటి పక్కనే కొరికిన వైర్లూ చూశాను.

2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాల్ పెట్రోలు అమ్మకాలు మొదలయ్యాక, పెట్రోలు సీసాలో పట్టి నీళ్లున్నాయేమో చూసే పరీక్ష కొంచెం తిరకాసైంది. పాత పెట్రోల్లో నీళ్లు అడుగున విడిగా కనపడేవి. ఇథనాల్ కొంత నీటిని తనలో కలిపేసుకుంటుంది, హద్దు దాటాక నీళ్లతోపాటు తానూ అడుక్కి దిగుతుంది. అందుకని అడుగు పొర చూసి "ఇన్ని నీళ్లు పోశాడు" అనేస్తే తప్పు, అందులో ఇథనాల్ వాటా కూడా ఉంది. సీసా కదపకుండా ఉంచి, బిల్లు దగ్గర పెట్టుకుని బంకుకెళ్లి అడగండి. ఈలోపు ఎవరైనా స్కానర్ పెట్టి లైటు ఆర్పేస్తానంటే ఒప్పుకోవద్దు. కోడ్‌తోపాటు, లైటు వెలిగిన క్షణాన ఇంజన్ ఎంత వేడిగా ఉంది, ఎంత వేగంతో తిరుగుతోంది అన్నవి కూడా లోపల రాసి ఉంటాయి, ఆర్పేస్తే అవీ పోతాయి.