ఎస్‌ఎస్‌డీ ఎంపిక: మారుతూ వచ్చిన లెక్కలు

1978లో అమెరికాకు చెందిన స్టోరేజ్ టెక్నాలజీ సంస్థ ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల కోసం ఎస్‌టీసీ 4305 అనే యంత్రాన్ని అమ్మకానికి తెచ్చింది. తిరిగే డిస్కులేవీ లేకుండా డేటాను దాచే ఆ యంత్రంలో పట్టేది 45 మెగాబైట్లు, ధర సుమారు 4 లక్షల డాలర్లు. ఇప్పటి ఫోన్‌లో తీసిన పది పన్నెండు ఫొటోలతో ఆ చోటు నిండిపోతుంది. అప్పట్లో ఎంపిక అన్న ప్రశ్నే లేదు. అంత డబ్బు పెట్టగలిగిన సంస్థలు కొన్నాయి, మిగతావి హార్డ్ డిస్కులతో సరిపెట్టుకున్నాయి.

తిరిగే డిస్కులు లేని ఇలాంటి డ్రైవ్, అంటే ఎస్‌ఎస్‌డీ (సాలిడ్ స్టేట్ డ్రైవ్), మామూలు కంప్యూటర్ల దాకా రావడానికి దారి వేసింది ఫ్లాష్ మెమొరీ. తోషిబా ఇంజినీరు ఫుజియో మసువోకా దాన్ని 1984లో, అందులోని నాండ్ రకాన్ని 1987లో తోటి ఇంజినీర్ల ముందు పెట్టాడు. పల్చటి పొర వెనక చిక్కిన ఎలక్ట్రాన్లు కరెంటు పోయినా అక్కడే ఉండిపోతాయి, డేటా నిలిచేది అందుకే. ఇబ్బందీ అక్కడే ఉంది. నాండ్‌లో రాసేది పేజీల లెక్కన, చెరిపేది మాత్రం ఎన్నో పేజీలున్న బ్లాకుల లెక్కన. ఒక్క అక్షరం దిద్దాలన్నా పలకంతా తుడవాల్సి రావడం లాంటిదే ఇది. పైగా తుడిచినప్పుడల్లా ఆ పొర కొంత అరుగుతుంది. ఎస్‌ఎస్‌డీ కొనేవాళ్లు నేడు చూసుకునే విషయాల్లో చాలావరకు ఈ రెండు లోపాల చుట్టూ తిరిగేవే.

1991లో సన్‌డిస్క్ (తర్వాతి శాన్‌డిస్క్) 20 మెగాబైట్ల ఫ్లాష్ డ్రైవ్‌ను ఐబీఎంకు సుమారు 1000 డాలర్లకు అమ్మింది. లాప్‌టాప్‌లలో 32 గిగాబైట్ల డ్రైవులు కనిపించేసరికి 2006 వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లకే చవక డ్రైవులు కూడా వచ్చాయి, వాటితోపాటే ఫిర్యాదులూ వచ్చాయి. పెద్ద ఫైలును ఇట్టే కాపీ చేసే డ్రైవే చిన్న చిన్న ఫైళ్లు వరసగా రాయాల్సి వస్తే బిగుసుకుపోయేది, తెర మీద ఏదీ కదిలేది కాదు. తప్పు చిప్పులది కాదు, వాటిని నడిపే కంట్రోలర్‌ది. 2008లో ఇంటెల్ 80 గిగాబైట్ల ఎక్స్25-ఎం తెచ్చింది. హోల్‌సేల్‌లోనే 595 డాలర్లు. పెద్ద ఫైళ్లు రాసే వేగం సెకనుకు 70 మెగాబైట్లే, అయినా చిన్న ఫైళ్ల దగ్గర అది తడబడలేదు. పెట్టె మీద ముద్రించిన అంకెకూ వాడకంలో తెలిసే వేగానికీ పొంతన ఉండదని కొనేవాళ్లకు తెలిసింది అప్పుడే. మరుసటి ఏడాది వచ్చిన విండోస్ 7లోని ట్రిమ్ సౌకర్యం, ఏ పేజీలు అక్కర్లేదో డ్రైవ్‌కు ముందే చెప్పి, తుడిచే పనిని తీరిక వేళకు మళ్లించింది.

ఇక 2011లో థాయ్‌లాండ్ వరదలు హార్డ్ డిస్కుల ఫ్యాక్టరీలను ముంచేశాయి. డిస్కుల ధరలు పెరగడంతో ఎస్‌ఎస్‌డీకీ వాటికీ మధ్య తేడా కొంత తగ్గింది.

అప్పటికి చిప్పుల వేగం తీగను మించిపోయింది. హార్డ్ డిస్కుల కోసం పుట్టిన శాటా దారిలో సెకనుకు 550 మెగాబైట్ల దగ్గరే వేగం ఆగిపోయేది. 2011లో వచ్చిన ఎన్‌వీఎంఈ పద్ధతి డ్రైవ్‌ను పీసీఐ ఎక్స్‌ప్రెస్‌కు కలిపింది. పాత పద్ధతిలో 32 ఆదేశాల వరస ఒక్కటే ఉండగా, ఇందులో వేల వరసలకు చోటుంది. తర్వాత వచ్చిన ఎం.2 రూపం మాత్రం కొనేవాళ్లను తికమక పెట్టింది. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ఒకే రకం పలుచని కార్డు శాటాదీ కావచ్చు, ఎన్‌వీఎంఈదీ కావచ్చు. అంచున ఉన్న బంగారు రంగు పళ్ల మధ్య రెండు గాట్లుంటే చాలావరకు శాటా, ఒక్కటే ఉంటే సాధారణంగా ఎన్‌వీఎంఈ. పాత లాప్‌టాప్‌కు కొత్త కార్డు తెచ్చి, అది పట్టక తిరిగి షాపుకు పరుగెత్తినవాళ్లు తక్కువేం కాదు.

ధర తగ్గించడానికి కంపెనీలు చిప్పులోని ఒక్కో గదిలో (మెమొరీ సెల్‌లో) ఎక్కువ బిట్లు కుక్కుతూ వచ్చాయి. ఎస్ఎల్‌సీలో ఒకటి, ఎంఎల్‌సీలో రెండు, టీఎల్‌సీలో మూడు, క్యూఎల్‌సీలో నాలుగు. నాలుగు బిట్లంటే 16 వోల్టేజీ స్థాయిలను తేడా తెలిసేలా గుర్తుపట్టాలి, కాబట్టి రాయడం నెమ్మదిస్తుంది, ఆయుష్షూ తగ్గుతుంది. 2013 నుంచి గదులను అంతస్తులుగా పేర్చడం మొదలయ్యాక ఈ నష్టం కొంత పూడింది. ఎంత డేటా రాయవచ్చో చెప్పే టీబీడబ్ల్యూ అంకె గురించి జనంలో ఉన్న భయం మాత్రం అతి. 600 టెరాబైట్లకు హామీ ఉన్న డ్రైవ్ మీద రోజుకు 50 గిగాబైట్లు రాసినా 32 ఏళ్లకు పైగా పడుతుంది. అసలు చూడాల్సింది, రాసే డేటాను ముందుగా వేగంగా అందుకునే తాత్కాలిక చోటు (క్యాష్) నిండాక ఏమవుతుందన్నది. తొలి క్యూఎల్‌సీ డ్రైవుల్లో కొన్ని ఆ దశలో హార్డ్ డిస్క్ వేగానికి దిగజారాయి.

2021లో మరో చిక్కు బయటపడింది. పేరున్న కంపెనీలే కొన్ని, మోడల్ పేరు మార్చకుండా లోపలి చిప్పులనో కంట్రోలర్‌నో మార్చేశాయి. ఒకే పేరుతో అమ్ముడైన రెండు డ్రైవులు పరీక్షల్లో వేరువేరు వేగాలు చూపాయి. దాంతో సమీక్ష చదివి కొనేవాళ్లు మోడల్ పేరుతో ఆగకుండా, పార్ట్ నంబరు, కంట్రోలర్ రకం, నాండ్ రకం కూడా సరిచూసుకోవడం మొదలుపెట్టారు.