కుండీలోకి దిగిన టమాటా

టమాటాది పుట్టుకతోనే పాకే బుద్ధి. దాని తాతముత్తాతలు దక్షిణ అమెరికాలో, ఆండీస్ కొండలకు పడమటి దిక్కున నేల మీద పాకుతూ, దొరికిన పొదనల్లా ఎక్కుతూ బతికాయి. మెక్సికోలో మచ్చికై, స్పెయిన్ ఓడలెక్కి ఐరోపా చేరింది. 1544 నాటికే ఇటలీ వైద్యుడు మట్టియోలి దాని గురించి రాశాడు. మన దగ్గరికి పోర్చుగీసువాళ్లు తెచ్చారంటారు.

మా అమ్మమ్మ దాన్ని రామములగ అనేది. పప్పులో వేసేది గానీ, తద్దినం రోజున మాత్రం వంటింటి గడప దాటనిచ్చేది కాదు. సీమ కూరగాయ పితృదేవతలకు పనికిరాదట. ఆ లెక్కన మిరపకాయా అక్కడిదే. ఆవకాయలో దాన్ని ఎవరూ నిలదీయలేదు మరి!

అలా కర్ర పాతితే కర్రంతా, పందిరి వేస్తే పందిరంతా అల్లుకునే మొక్క కుండీలో ఎలా ఇమిడింది? 1914లో, ఫ్లోరిడాలో, తోటివాటిలా ఎదగని మొక్క ఒకటి తనంతట తానే పుట్టింది. మామూలు టమాటా కాండం గెలకూ గెలకూ మధ్య మూడేసి ఆకులు వేస్తూ సాగిపోతూనే ఉంటుంది. దీంట్లో ఆ ఆకులు తగ్గుతూ వచ్చి, చివరికి కొమ్మ కొస పూలగెలతోనే ఆగిపోయింది. మనం పొదరకాలు అంటున్న వాటన్నిటికీ మూలం ఆ గుణమే. కాయలు ఇంచుమించు ఒకేసారి పండుతాయి గనక 1960లలో కాలిఫోర్నియా పొలాల్లో యంత్రాలతో కోయడానికీ అదే పనికొచ్చింది.

పెరటివాళ్ల కోసం వచ్చినవి వేరు. 1945లో న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయం టైనీ టిమ్ అనే చిన్న రకాన్ని విడుదల చేసింది. 1989లో ఫ్లోరిడా శాస్త్రవేత్తలు కిటికీ గట్టు మీద పెంచుకోవడానికని మైక్రో-టామ్ తీశారు. కొస ఆగిపోయే గుణానికి మరుగుజ్జుతనం తోడై అది జానెడు ఎత్తు దాటదు. ముచ్చటకు పుట్టిన ఆ మొక్కే ఇప్పుడు ప్రయోగశాలల్లో పరిశోధనలకు ఆధారం.

హైదరాబాదులో మిద్దెతోటల ముచ్చట్లలో కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి పేరు రాకుండా ఉండదు. 2023 జులైలో టమాటా కిలో నూట యాభై రూపాయలు దాటినప్పుడు ఆ ముచ్చట్లు మరీ ఎక్కువయ్యాయి. నావి మాత్రం పాత పెయింటు బకెట్లు. అడుగున కాల్చిన ఊచతో బెజ్జాలు, లోపల ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కాస్త కొబ్బరిపొట్టు. తీగరకానికి పక్క పిలకలు గిల్లుతాను. వేళ్లకు పసుపుపచ్చటి జిగట అంటుకుంటుంది, సబ్బు నురగ కూడా ఆకుపచ్చగా తిరుగుతుంది.

పొదరకానికి ఆ గిల్లుడు పనికిరాదు, దాని కాపంతా పిలకల మీదే. మా పక్కింటావిడ ప్యాకెట్టు మీద ఏ రకమో చూడకుండానే అన్నీ గిల్లేస్తుంది. గుప్పెడు కాయలు కాసి మొక్క ఆగిపోతే, మట్టి మంచిది కాదంటుంది.