పెదవి ముందు, పలుకు వెనక

మా అమ్మ పోయి పదకొండేళ్లయింది. ఆవిడ పాట మాత్రం మా ఇంట్లోనే ఉంది. 2001లో మా చెల్లెలి కూతురు బారసాలకు అమెరికా వెళ్లినప్పుడు ఉయ్యాల ఊపుతూ జోల పాడింది. మా మరిదిగారు వీడియో తీసి, డిస్కు చేసి పంపించారు.

డిస్కు ఎక్కడ పాడైపోతుందోనని భయమేసి, మొన్న కొత్తగూడలో ఓ దుకాణంలో ఇచ్చి పెన్‌డ్రైవ్‌లోకి మార్పించాను. ఇల్లంతా కూర్చుని చూశాం. మొదట బాగానే ఉంది. అరగంటయ్యేసరికి పెదవులదో దారి, మాటలదో దారి! గంట చివర్లో అమ్మ జోల ముగించి, నోరు మూసుకుని, పసిదాన్ని చూసి నవ్వుతోంది. పాట ఇంకా వినబడుతూనే ఉంది. మనవలు పకపక నవ్వారు. నాకు మాత్రం కడుపులో దేవినట్లయింది.

మా అబ్బాయి సైబర్ టవర్స్ దగ్గర పని చేస్తాడు. సాయంత్రం వాడొచ్చి అంతా చూసి, "మొదట్నించి చివరిదాకా ఒకటే తేడా ఉంటే అది ఆలస్యం జబ్బు. పోనుపోను పెరిగితే వేగం జబ్బు. నీది రెండోది, అమ్మా" అన్నాడు. ఆ తర్వాత వాడు చెప్పిందీ, నేను చదువుకున్నదీ కలిపితే ఓ పెద్ద కథే అయింది.

బొమ్మకూ మాటకూ కలహం ఈనాటిది కాదు. 1926లో అమెరికాలో 'డాన్ జువాన్' అనే సినిమాకు సంగీతాన్ని గ్రామఫోను రికార్డుల మీద పెట్టారు. ఒక్కో రికార్డు పదకొండు నిమిషాలు. ప్రొజెక్టరూ, రికార్డు తిప్పే బల్లా ఒకదానికొకటి ముడిపడి తిరిగేవి. కానీ ఫిల్ము తెగి రెండు ముక్కలు అతికితే నాలుగు బొమ్మలు పోయేవి. రికార్డులో పోవు కదా! సూది ఎగిరిందా, ఇక సరేసరి. అందుకే తర్వాత శబ్దాన్ని ఫిల్ము అంచునే అచ్చువేశారు. మన తొలి తెలుగు టాకీ, హెచ్.ఎమ్. రెడ్డిగారి 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలయ్యేనాటికి పద్ధతి అదే. లీలావతి వేసిన సురభి కమలాబాయి తన పాటలు తనే పాడుకోవలసిందే. ప్లేబ్యాక్ అప్పటికి లేదు.

అంచున ఉన్నా కష్టం తీరలేదు. ప్రొజెక్టర్లో బొమ్మ పడే చోటూ, శబ్దం చదివే చోటూ ఒకటి కావు. అందుకని శబ్దాన్ని దాదాపు ఇరవై బొమ్మల ముందే అచ్చువేస్తారు. ఆపరేటరు ఫిల్ము ఎక్కించడంలో వదులు కాస్త ఎక్కువ పెట్టాడంటే హీరోయిన్ నోరు మూసిన తర్వాత మాట వచ్చేది. టూరింగ్ టాకీసుల్లో ఈలలు మనకు కొత్తా?

ఇక మా అమ్మ డిస్కు సంగతి. మన టీవీ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు. అమెరికాలో మొదట సరిగ్గా 30 ఉండేవి. 1953లో రంగుల టీవీ పద్ధతి ఖాయం చేసినప్పుడు రంగు సంకేతం శబ్ద సంకేతానికి అడ్డుపడకుండా ఆ వేగాన్ని వెయ్యికి ఒకటి చొప్పున తగ్గించారు. 29.97 అయింది. పాలల్లో చెంచాడు నీళ్లు కలిపినట్లు, ఎవరికీ తెలియదు. పాత నలుపు తెలుపు సెట్లూ పనికొచ్చాయి.

దుకాణం కుర్రాడు బొమ్మనూ పాటనూ విడదీసి, బొమ్మను 30 అని రాసి మళ్లీ కలిపినట్టున్నాడు. డిస్కులో ప్రతి ముక్కకూ ఎప్పుడు కనబడాలో, ఎప్పుడు వినబడాలో గుర్తులుంటాయి. విడదీస్తే ఆ గుర్తులు పోతాయి. బొమ్మ వెయ్యింట ఒకవంతు తొందరగా నడిచింది. గంటకు 3,600 సెకన్లు. అందులో వెయ్యోవంతు మూడున్నర సెకన్లకు కాస్త పైన. సరిగ్గా అమ్మ నవ్వినంత సేపు! శబ్దం చెడకూడదని 1953లో ఎక్కడో చేసిన సర్దుబాటు, 1998 దాకా సైబర్ టవర్సే లేని మా పేటకు వచ్చి మా అమ్మ పాటను చెడగొట్టిందన్నమాట.

అబ్బాయి అసలు డిస్కు నుంచే, గుర్తులు చెరగకుండా మళ్లీ తీశాడు. ఈసారి పెదవీ పలుకూ కలిసి నడిచాయి, కలిసే ఆగాయి. పిల్లలు నవ్వలేదు. "తాతమ్మ మళ్లీ పాడుతుందా?" అంది చిన్నది. మొదట్నించి పెట్టాం.

మీ ఇళ్లలోనూ పెళ్లి డిస్కులుంటాయి కదా! మార్పించండి, కానీ డబ్బిచ్చే ముందు చివరి అయిదు నిమిషాలూ చూపించమనండి. మొదట్లో అందరూ కలిసే నడుస్తారు, సంగతి తెలిసేది చివర్లోనే. అసలు డిస్కును మాత్రం పారేయకండి. నేనూ నాదాన్ని పట్టుచీరల మడతలో దాచాను.