ఎర్రగుడి బండలపై అశోకుని మాట



అశోకుడనగానే మనకు పాటలీపుత్రము, గంగాతీరము స్ఫురించును. ఆ చక్రవర్తికిని మన మెట్టసీమకును సంబంధమేమియని తోచుట సహజము. కాని గుత్తినుండి పత్తికొండకు బోవు మార్గమున, ఎర్రగుడి గ్రామసమీపమందలి బండలపై ఆయన ఆజ్ఞలు నేటికిని నిలిచియున్నవి. అవి మన పల్లెవారికేమి చెప్పుచున్నవో విన్నవింతును.

అశోకుడు క్రీస్తు పూర్వము 268 ప్రాంతమున రాజ్యమునకు వచ్చి, 232 ప్రాంతము వరకు ఏలెను. పట్టాభిషిక్తుడైన యెనిమిదవ యేట కళింగమును జయించెను. ఆ యుద్ధమున 1,00,000 మంది హతులైరనియు, 1,50,000 మంది చెరగొనిపోబడిరనియు, మరి యెందరో పిమ్మట మరణించిరనియు పదమూడవ శాసనమున తానే చెప్పి వగచెను. గెలిచిన రాజు తన గెలుపును గూర్చి యిట్లు వ్రాయించుట మిక్కిలి అరుదు.

ఇచ్చట నొక విశేషము గలదు. కళింగమునందలి ధౌలి, జౌగడ శిలలపై ఈ శాసనము లేదు. అచ్చటివారికై వేరు శాసనములు చెక్కించెను. ఎర్రగుడియందో, పదునాలుగును గలవు. వగచిన రాజు కళింగమును తిరిగి విడిచిపెట్టలేదు. అడవిజాతులవారిని హెచ్చరించుటయు నా పదమూడవ శాసనమునందే కలదు. కావున నాయనను లోపములేని దేవునిగా నెంచ నక్కరలేదు; తాను చేసిన హింసను తన నోటనే చెప్పుకొన్న పాలకుడుగా నెరిగిన చాలునని నా యభిప్రాయము.

పెద్ద శాసనములతోపాటు ఎర్రగుడియందు చిన్న శాసనమును గలదు. దానిలో కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి యెడమకును, మడక చాలు తీసి మరలినట్లు నడచినవి. రజ్జుకుడను అధికారి భేరి మ్రోగించి పల్లెప్రజలకు చాటవలెనని యందలి యాజ్ఞ. తల్లిదండ్రులను, పెద్దలను సేవింపవలెను, ప్రాణులయెడ దయ చూపవలెను, సత్యము పలుకవలెను. ఇదియే యా చాటింపు. మన యూళ్ళలో టముకు వేయించుట యిట్టిదే. చదువనేరనివానికిని చెవి యున్నదని యా రాజెరుగును.

ఇక రెండవ శాసనమును కరవుసీమవారమైన మనము శ్రద్ధతో వినవలెను. తన రాజ్యమునందును, చోళ పాండ్యాది పొరుగు దేశములందును మనుష్యులకు, పశువులకు వైద్యమేర్పరచితిననియు, మూలికలు లేనిచోటికి వానిని తెప్పించి నాటించితిననియు, బాటల వెంట బావులు త్రవ్వించి చెట్లు నాటించితిననియు నందు చెప్పెను. దాహమునకు పొలిమేర లేదుగదా! ఆరవ శాసనమున, తాను భుజించుచున్నను, అంతఃపురమున నున్నను ప్రజల పనిని వెంటనే తనకు తెలుపవలెననెను.

కాలక్రమమున ఆ బ్రాహ్మీలిపిని చదువువారు లేకపోయిరి. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ దానిని చదివెను. 1928-29 ప్రాంతమున అనూ ఘోష్ అను భూగర్భశాస్త్రవేత్త ఎర్రగుడి శాసనములను లోకమునకు దెలిపెను. అంతవరకు గొర్రెలకాపరులు వానిని చూచుచునే యున్నను, వాని యర్థము చెప్పువాడు లేకపోయెను.

పెద్దలారా, వాన తప్పిన యేట మన పల్లెలలో తొలి తగవు నీటికడనే పుట్టును. ఎవరు ముందు తోడవలెను, ఎవరు దూరముగా నిలువవలెను అను మాట వచ్చును. తీర్పునకు జనులు మీ మొగమే చూతురు. ఆ బావులు ఫలానివారికని ఆ శాసనమున లేదు; మనుష్యులకును, పశువులకును అని మాత్రమే యున్నది. పూడిక తీయని బావి గుంటయగును, కాచువాడు లేని మొక్క కట్టెయగును. రాజు మాట రెండువేల రెండువందల యేండ్లు బండపై నిలిచినది. దానిని బావి గట్టున నిలుపుట మీ చేతిలోని పని.